ఆఫీసులో అడిగేవాళ్ల మీద ఓపిక పోతోందా? మండలంలో కొత్తగా చేరినవాళ్లకు కొన్ని పద్ధతులు

వజ్రకరూరు అనగానే బయటివాళ్లకు వజ్రాలు గుర్తొస్తాయి. తొలకరి పడగానే ఎర్రనేలల్లో తలొంచుకుని రాళ్లు వెతికే జనం, భూగర్భ శాస్త్రజ్ఞులు చెప్పే కింబర్‌లైట్ గొట్టాలు, పేపర్లలో ఏటా వచ్చే వార్తలు. ఏప్రిల్, మే నెలల్లో ఈ మండలంలో వినపడే మాటలు మాత్రం వేరు. మస్టరు, కొలతలు, పేమెంటు. ఏడాదికి సుమారు 550 మి.మీ. వాన పడే జిల్లా ఇది, ఆ వాన కూడా వేళకు పడదు. వేరుశనగ చేతికి రాని ఏడు చాలా ఇళ్లకు ఉపాధి పనే ఆధారం. 2006 ఫిబ్రవరి 2న అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకాన్ని మొదలుపెట్టింది ఈ జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో.

ఇలాంటి మండలంలో కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మీరు కంప్యూటర్ ఆపరేటర్ కావచ్చు, టెక్నికల్ అసిస్టెంట్ కావచ్చు, గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటో ఇంజనీరింగ్ అసిస్టెంటో కావచ్చు. జనంతో ఓపికగా ఉండమని శిక్షణలో చెప్పే ఉంటారు. నిజానికి చేరిన మూడో నెలకల్లా మనకు ఓపిక పోయేది జనం మీద కాదు, మన తోటివాళ్ల మీద. పొద్దున్నుంచి పదిసార్లు ఫోన్ చేసే ఫీల్డ్ అసిస్టెంటు, కొలతలు ఆలస్యంగా తెచ్చి ఎంట్రీ మాత్రం ఈ నిమిషమే కావాలనే టెక్నికల్ అసిస్టెంటు, పక్క టేబుల్ నుంచి "అయిందా, అయిందా" అనే పెద్దాయన. అందరూ మనవాళ్లే, అందరిదీ అర్జెంటే.

నేను గట్టిగా నమ్మేది ఒకటి ఉంది. ఓపికను పెంచుకోమని చెప్పే సలహాల వల్ల పెద్ద ఉపయోగం లేదు. ఎవరికైనా రోజుకు ఇంతే ఓపిక ఉంటుంది. అది ఖర్చయ్యే చోట్లను తగ్గించుకోవాలి. ఈ కింద చెప్పే పనులన్నీ అందుకోసమే.

మొదటి పని: ఎవరి వెనక ఎవరున్నారో గీసుకోండి

ఒక తెల్లకాగితం తీసుకోండి. మీ చేతికి ఏ పని ఎవరి దగ్గర నుంచి వస్తుంది, మీ చేతి నుంచి ఎవరికి పోతుంది అన్నది బాణం గుర్తులతో గీయండి. ఉపాధి పని వరస ఇలా ఉంటుంది. వారమంతా పని. మస్టరు (హాజరు పట్టీ) మూసేశాక టెక్నికల్ అసిస్టెంటు పని చోటికి పోయి టేపు పట్టి కొలవాలి, ఎం-బుక్కులో (కొలతల పుస్తకంలో) ఎక్కించాలి. మస్టరు, ఎం-బుక్కు మండల కంప్యూటర్ సెంటర్‌కు చేరాలి. ఆపరేటర్ ఎంట్రీ చేస్తే వేజ్ లిస్టు తయారవుతుంది. ఎఫ్‌టీఓ (డబ్బు బదిలీ ఆర్డరు) మీద రెండు డిజిటల్ సంతకాలు పడాలి. అప్పుడు గానీ డబ్బు కూలీల ఖాతాలకు బయలుదేరదు. యాప్‌లు మారుతుంటాయి, కూలి రేట్లు ఏటా మారుతుంటాయి, ఈ వరస మాత్రం పెద్దగా మారదు.

జపాన్‌లో నాణ్యతా ఉద్యమానికి దారి చూపిన ఇంజనీరు కౌరు ఇషికావా ఫ్యాక్టరీవాళ్లకు చెప్పిన సూత్రం ఇదే: మీ తర్వాతి పని చేసేవాడే మీ కస్టమర్. అంటే షోరూముకు వచ్చే కస్టమర్ కంటే ముందు, పక్క బెంచీలో ఉన్నవాడికి సరైన సరుకు అందించాలి. మండలాఫీసుకు ఇది అచ్చంగా సరిపోతుంది. ఆపరేటర్‌కు కొలతలిచ్చేది టెక్నికల్ అసిస్టెంటు, టెక్నికల్ అసిస్టెంటును పని చోటికి రమ్మని బతిమాలేది ఫీల్డ్ అసిస్టెంటు, మండలంలో ఉపాధి పనులు చూసే ఏపీఓను రిపోర్టు అడిగేది ఎంపీడీఓ, ఆయన్ను అడిగేది అనంతపురంలో జిల్లా అధికారి అయిన డ్వామా పీడీ. అడిగే ప్రతివాడినీ వెనక నుంచి ఇంకొకరు అడుగుతున్నారు.

ఈ గీతలో ఒకచోట కాసేపు ఆగి చూడండి. మస్టరు మూసిన 15 రోజుల్లోపు కూలి అందాలని చట్టం. దాటితే 16వ రోజు నుంచి రోజుకు 0.05 శాతం చొప్పున జాప్య పరిహారం. లెక్క వేసి చూడండి. 2024-25లో ఆంధ్రప్రదేశ్‌లో రోజు కూలి 300 రూపాయలు. ఆరు రోజులకు 1,800. దాని మీద రోజుకు పరిహారం 90 పైసలు. ఆ కూలి రావాల్సిన ఇంట్లో అంగడి బాకీ, పిల్లల మందులు, చీటీ డబ్బు 90 పైసలతో ఆగవు. అందుకే ఆ ఇంటామె పొద్దున్నే ఫీల్డ్ అసిస్టెంటు గడపలో నిలబడుతుంది. ఆయన ఊళ్లోనే ఉండే మనిషి. మీకు ఐదున్నరకు ఆఫీసు అయిపోతుంది, ఆయనకు అయిపోదు. రచ్చకట్ట దగ్గర, పెళ్లిలో, పాల కేంద్రం దగ్గర కూడా ఆయన్ను అడుగుతూనే ఉంటారు. పైగా ఆయన ఉద్యోగం ఎంత గట్టిదో చూడండి: తెలంగాణలో 2020లో సమ్మె చేసినందుకు ఏడు వేలకు పైగా ఫీల్డ్ అసిస్టెంట్లను తీసేశారు, తిరిగి తీసుకునేసరికి 2022 వచ్చింది. ఆ సంగతి ఇక్కడి ఫీల్డ్ అసిస్టెంట్లకూ తెలుసు.

ఈ కాగితాన్ని మీ టేబుల్ అద్దం కింద పెట్టుకోండి. గట్టిగా మాట్లాడే మనిషి ఎదురుగా నిలబడినప్పుడు, ఆయన వెనక ఎవరున్నారో కంటికి కనపడుతుంది. దానివల్ల కోపం మాయమైపోతుందని చెప్పను, కానీ అది ఎవరి మీద రావాలో తెలుస్తుంది.

రెండో పని: వారం రోజులు రాసుకోండి

చిన్న నోటుబుక్కు చాలు. ఓపిక పోయిన ప్రతిసారీ నాలుగే సంగతులు రాయండి. టైము, ఎవరు, ఏం అడిగారు, అప్పుడు మీరేం చేస్తున్నారు. మీరేమన్నారో రాయొద్దు. అది రాస్తే సమర్థించుకోవడం మొదలవుతుంది.

వారం తర్వాత చూస్తే చాలామందికి ఒకే రకం సంగతి బయటపడుతుంది. ఫలానా మనిషి వల్ల కోపం వస్తోందనుకుంటాం, తీరా చూస్తే ఎక్కువసార్లు అది ఒక వేళ. సర్వర్ తిరుగుతూ తిరుగుతూ ఆగిపోయినప్పుడు. టెలి కాన్ఫరెన్స్ అయిపోయిన వెంటనే. మధ్యాహ్నం రెండైనా క్యారియర్ విప్పనప్పుడు. మే నెలలో బయట నలభై డిగ్రీలు దాటి, లోపల కరెంటు పోయినప్పుడు. కారణం వేళ అయితే మందు సులువు. ఆ వేళకు కొలతల ఎంట్రీ లాంటి చిక్కు పని పెట్టుకోకండి, ఆ వేళకు ముందే తినండి. క్యారియర్ విప్పడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

నోటుబుక్కులో ఇంకో వరస కూడా చూడాలి. అది కాస్త కష్టమైన సంగతి కాబట్టి కింద విడిగా చెబుతాను.

మూడో పని: అడిగినదాన్ని చిన్న ప్రశ్నలతో విడగొట్టండి

ఈ వ్యాసంలో ఒక్కటే పాటించగలను అనుకునేవాళ్లు ఇది పాటించండి. సగం చిరాకు పని ఎక్కువై రాదు, అడిగింది ఏమిటో తెలియక వస్తుంది. "మా ఊరివాళ్లకు డబ్బులు పడలేదు" అన్నది ఒక అరుపు, దాన్ని పట్టుకుని ఎవరూ ఏ పనీ చేయలేరు. దానికి మీరు అరుపుతోనే జవాబిస్తే ఇద్దరూ అలసిపోతారు, డబ్బులు మాత్రం పడవు. ఇలా సాగించి చూడండి.

"సార్, మావోళ్లకు డబ్బులు పడలేదు. ఊర్లో నన్ను తిరగనీకుండా చేస్తా ఉండారు."

"కూర్చో అన్నా. ఊరంతా పడలేదా, కొందరికా?"

"కొందరికే సార్."

"ఆ కొందరూ ఒకే గ్రూపా? తలా ఒక గ్రూపులో ఉన్నారా?"

"ఒకే గ్రూపు సార్. నీటికుంట కాడ పని చేసినోళ్లు."

"ఏ వారం పని?"

"పోయిన వారం కాదు, ఆ ముందు వారం."

ఇక్కడికి చాలావరకు తేలిపోయింది. గ్రూపు మొత్తానికి పడలేదంటే కాగితం మన వరసలోనే ఎక్కడో ఆగింది. కొలతలు రాలేదో, ఎంట్రీ కాలేదో, సంతకం పడలేదో స్క్రీన్ మీద చూసి చెప్పొచ్చు. అదే ఒక గ్రూపులో పదిమందికి పడి ఇద్దరికి పడలేదంటే కారణం వేరు. ఆధార్ ఏ బ్యాంకు ఖాతాకు చివరిగా ముడిపడి ఉందో డబ్బు అక్కడికి పోతుంది. 2024 జనవరి 1 నుంచి ఆధార్ ఆధారిత చెల్లింపే తప్పనిసరి చేశారు. డబ్బు పడలేదనే ఆమె పాత బ్యాంకు పాసుబుక్కు పట్టుకుని చూసుకుంటూ ఉంటుంది, డబ్బు ఎప్పుడో సంఘం లోను కోసం తెరిచిన ఇంకో ఖాతాలో పడి ఉంటుంది. లేదా పేరులో ఒక అక్షరం తేడా, వాడక ఆగిపోయిన ఖాతా. ఇవి మీ టేబుల్ మీద తేలేవి కావు. "ఆమెను ఆధార్ కార్డు తీసుకుని బ్యాంకు మిత్ర దగ్గరికి పొమ్మను, ఏ బ్యాంకుకు లింకు అయిందో ముందు చూపించుకోమను" అని చెబితే ఫీల్డ్ అసిస్టెంటు చేతికి ఊళ్లో చెప్పుకోవడానికి ఒక మాట దొరుకుతుంది. ఆయన మీ దగ్గరికి వచ్చిందే ఆ మాట కోసం.

మీరు ఏ పనిలో ఉన్నా ఇలాంటి ప్రశ్నలు నాలుగైదు తయారు చేసి పెట్టుకోండి. ఏ ఊరు, ఏ పని, ఏ వారం, ఎంతమంది, ఎప్పటికి కావాలి. చివరిది తప్పకుండా అడగండి. "ఇప్పుడే" అన్న మనిషిని "రేపు పొద్దున పదికి ఇస్తే నీ పని ఆగుతుందా?" అని అడిగితే, చాలాసార్లు "ఆగదు సార్" అనే వస్తుంది. అడిగిన ప్రతిదీ నిమిషాల మీద కావాల్సింది కాదని అడిగేవాళ్లకూ తెలుసు. గట్టిగా అడక్కపోతే పని జరగదని అలవాటైపోయి అలా అడుగుతారు.

నాలుగో పని: "చూద్దాంలే" అనడం మానేయండి

కార్యాలయాల్లో అందరం వాడే మాట ఇది. మర్యాదగా అనిపిస్తుంది. కానీ మీ ఓపికను రోజంతా తినేది ఇదే. "చూద్దాంలే" విన్నవాడు పన్నెండుకు ఒకసారి, మూడుకు ఒకసారి, సాయంత్రం బస్సెక్కబోతూ ఒకసారి ఫోన్ చేస్తాడు. అదే "రాగులపాడు ఎంట్రీ గురువారం మధ్యాహ్నానికి అయిపోతుంది, కాకపోతే నేనే ఫోన్ చేస్తా" అంటే గురువారం మధ్యాహ్నం దాకా ఆ ఊరి నుంచి ఫోన్ రాదు. రెండోసగం మాట నిలబెట్టుకోవాలి. పని కానప్పుడు ముందుగా చేసే ఒక్క ఫోన్ మీకు చాలా గొడవ తప్పిస్తుంది.

దీనికి తోడుగా గోడ మీద ఒక కాగితం అంటించండి. ఊరి పేరు, మస్టరు వచ్చిన తేదీ, కొలతలు వచ్చిన తేదీ, ఎంట్రీ అయిన తేదీ, సంతకం. కొనకొండ్ల ఫీల్డ్ అసిస్టెంటు వచ్చి చూసుకుంటే తన ఊరికి కొలతలే రాలేదని ఆయనకే తెలుస్తుంది, నేరుగా టెక్నికల్ అసిస్టెంటును అడుగుతాడు. మీరు ఒక్క మాట కూడా అననక్కర్లేదు. ఇంకో లాభం కూడా ఉంది. ఎవరు ముందు అరిస్తే వాళ్ల పని ముందు అనే పద్ధతి పోయి, ఎవరి కాగితం ముందొస్తే వాళ్ల పని ముందు అనే పద్ధతి వస్తుంది. అరిచేవాళ్లకు పని ముందు చేసి పెట్టినంత కాలం అందరూ అరవడమే నేర్చుకుంటారు, అది నేర్పింది మనమే.

ఈ వరసను దాటి ముందుకు తేవాల్సినవి కొన్ని ఉంటాయి. 2023 జనవరి 1 నుంచి పని చోటే యాప్‌లో రోజుకు రెండుసార్లు ఫోటో తీసి హాజరు వేయాలన్నారు. గుట్ట వారగా సిగ్నల్ అందని చోట ఫీల్డ్ అసిస్టెంటు ఫోన్ పట్టుకుని నిలబడి, ఫోటో ఎక్కక మీకు ఫోన్ చేస్తే అది నిజమైన అర్జెంటు. ఆ వేళ దాటితే ఎండలో గడ్డపార పట్టినవాళ్ల హాజరే చిక్కులో పడుతుంది. ఆ ఫోన్ ఎత్తండి, ఏ పని మధ్యలో ఉన్నా ఎత్తండి. సాయంత్రం కాన్ఫరెన్స్‌కు కావాల్సిన రిపోర్టు సాయంత్రానికి ఇస్తే చాలు.

వాట్సాప్ గ్రూపు గురించి ఒక్క మాట. కోపంలో గ్రూపులో జవాబు పెట్టకండి. అది స్క్రీన్‌షాట్ అయి అనంతపురం దాకా పోతుంది, మీ సర్వీసు ఉన్నన్నాళ్లూ ఉంటుంది. పక్కకు పోయి ఫోన్ చేయండి.

ఐదో పని: మీరు ఎవరి మీద అరుస్తున్నారో చూసుకోండి

ఇందాక ఆపిన సంగతి ఇది. నోటుబుక్కు తీసి, "ఎవరు" అని రాసిన వరసను ఒకసారి పైనుంచి కిందికి చదవండి. అందులో ఎంపీడీఓ పేరు ఉందా? ఏపీఓ పేరు? చాలామంది నోటుబుక్కుల్లో ఉండదు. ఫీల్డ్ అసిస్టెంటు ఉంటాడు, మేట్ ఉంటుంది, అటెండరు ఉంటాడు, తండా నుంచి వచ్చి ఫారం ఎలా నింపాలో రెండోసారి అడిగిన అమ్మాయి ఉంటుంది. నిజంగా ఓపిక అనేది పోయేదే అయితే అందరి మీదా పోవాలి కదా. మనకంటే కిందివాళ్ల మీద, మనకంటే తక్కువ అనుకున్న కులంవాళ్ల మీద, ఆడవాళ్ల మీద మాత్రమే పోతోందంటే దాన్ని ఓపిక సమస్య అని పిలవడం నాకు సరిగా తోచదు. అది అధికారం వాడడం. పైవాళ్ల ముందు అదే నోరు ఎంత అదుపులో ఉంటుందో మనకు తెలుసు.

అమెరికా సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్ 1983లో విమాన సిబ్బంది మీద ఒక పుస్తకం రాసింది. ప్రయాణికుడు ఎంత విసిగించినా నవ్వు ముఖంతో ఉండడం కూడా ఉద్యోగంలో ఒక శ్రమే, దానికీ మనిషి అలసిపోతాడు అని అందులో చూపించింది. మండలాఫీసులో ఆ శ్రమ పైవైపుకు జరుగుతుంది. కాన్ఫరెన్స్‌లో అందరి ముందూ మాట పడి "ఎస్ సార్" అని కూర్చున్న మనిషి లోపల మింగింది బయటికి రావడానికి చోటు వెతుక్కుంటుంది. గుమ్మంలో ఫీల్డ్ అసిస్టెంటు కనిపిస్తాడు. ఇది తెలిసినంత మాత్రాన మనం చేసింది ఒప్పు కాదు. కానీ ఎక్కడ అడ్డుకోవాలో తెలుస్తుంది. కాన్ఫరెన్స్ అయ్యాక పది నిమిషాలు సీట్లో కూర్చోకండి. బయటికి పోయి టీ తాగి రండి.

పిలుపుల్లో కూడా జాగ్రత్త ఉండాలి. మన వైపు అన్నా, అక్కా, సార్, మేడం అనుకుంటూ పని సాగిపోతుంది. కోపం రాగానే మొదట జారిపోయేది ఆ పిలుపే. ఇరవై ఐదేళ్ల ఆపరేటరు యాభై ఏళ్ల ఫీల్డ్ అసిస్టెంటును నిన్నటిదాకా "అన్నా" అని, ఈరోజు నలుగురిలో "ఏం మనిషివయ్యా నువ్వు" అంటే ఆయన ఆ పూట ఏమీ అనడు. ఆ తర్వాత మీకు ఏ కాగితమూ వేళకు రాదు. ఎంత చిరాకులో ఉన్నా "అన్నా" వదలొద్దు. ఆ మాటతో మొదలైన వాక్యం మరీ చెడ్డగా ముగియడం కష్టం.

ఆరో పని: పైకి చెప్పడం నేర్చుకోండి

కిందికి అరవడం తగ్గాలంటే పైకి మాట్లాడడం రావాలి. కొత్తవాళ్లు ఇక్కడ రెండు రకాలుగా తప్పుతారు. ఏం చెప్పినా తలూపుతారు, లేదా ఒకరోజు పొంగిపోయి "పని ఎక్కువైంది సార్, నావల్ల కాదు" అంటారు. రెండో మాటకు పై అధికారి దగ్గర జవాబు ఉండదు, అందరికీ పని ఎక్కువే అంటాడు.

చీటీ మీద మూడు పనులు రాసుకుని పోండి. "సార్, ఈరోజు ఈ మూడూ కావాలన్నారు. రెండు ఊళ్ల ఎంట్రీలు, పీడీ గారి రిపోర్టు, పాత వర్క్ ఫైళ్లు. సాయంత్రానికి రెండే అవుతాయి. ఏది రేపటికి పెట్టమంటారు?" ఇందులో ఫిర్యాదు లేదు, నిర్ణయం ఆయనకే వదిలారు. ఆయన చెప్పింది ఆయన ముందే చీటీ మీద రాసుకోండి. తర్వాత ఆగిపోయిన పని గురించి ఎవరైనా వచ్చి అడిగితే "సార్ రేపటికి పెట్టమన్నారన్నా" అని నెమ్మదిగా చెప్పొచ్చు. మీరు నిర్ణయించని దానికి మీరు మాటలు పడనక్కర్లేదు.

ఆఫీసులో ఒకే పనిని ముగ్గురు మూడు రకాలుగా అడుగుతుంటే ఇదే పద్ధతి. ముగ్గురినీ ఒక్క నిమిషం ఒకచోట కలపండి. వాళ్ల మధ్య మీరు తీర్పరి కావద్దు.

ఏడో పని: ఓపిక పట్టకూడని చోటు

అడిగినవాళ్లు మంచివాళ్లే అయినా, వాళ్ల వెనక నిజంగా కష్టం ఉన్నా, కొన్నిటికి ఓపిక పట్టకూడదు. పనికి రాని పేరు మస్టరులో ఎక్కించమనడం, కుంట లోతు టేపు చెప్పిన దానికంటే ఎక్కువ రాయమనడం, నిన్నటి ఫోటోను ఈరోజుకు వాడమనడం. మొహమాటంతో "చూద్దాంలే అన్నా" అంటే సగం ఒప్పుకున్నట్టే. రేపు మళ్లీ అడుగుతారు, ఎల్లుండి ఇంకో ఊరివాళ్లు అడుగుతారు, ఆ ఒత్తిడికి మీ ఓపిక పూర్తిగా పోతుంది.

కొలతల దగ్గర ఒత్తిడి ఎందుకొస్తుందో కూడా అర్థం చేసుకోవాలి. తవ్విన మట్టిని బట్టి కూలి. రాతినేలలో గడ్డపార దిగని చోట ఆరు రోజులు కష్టపడిన గ్రూపుకు కొలిచేసరికి రోజుకు నూటయాభై పడితే ఊరంతా ఫీల్డ్ అసిస్టెంటు మీద పడుతుంది, ఆయన మీ మీద పడతాడు. ఆ బాధ నిజం. దానికి దారి అబద్ధపు కొలత కాదు. నేల రకం సరిగా నమోదైందా, గట్టినేలకు ఇవ్వాల్సిన రేటు ఇచ్చారా అన్నది అంచనాలోనే చూడాలి, పని మొదలయ్యే ముందే చూడాలి. ఫీల్డ్ అసిస్టెంటుతో కూర్చుని ఇది చూసి పెట్టిన టెక్నికల్ అసిస్టెంటుకు తర్వాత అరుపులు సగం తగ్గుతాయి.

కాదనేటప్పుడు ఒక్కసారే, చిన్నగా, గొంతు పెంచకుండా. "అది నేను చేయనన్నా. మిగతా పేర్లు ఇప్పుడే ఎక్కిస్తా, కూర్చో." ఉపన్యాసం వద్దు. సామాజిక తనిఖీ వస్తుందని బెదిరించనక్కర్లేదు, కానీ వస్తుంది. ఉమ్మడి రాష్ట్రం 2009లో దీనికోసమే ప్రత్యేకంగా ఒక సంస్థను పెట్టింది. తనిఖీ బృందం ఇంటింటికీ పోయి "ఈ వారం మీరు పనికి పోయారా?" అని అడుగుతుంది, తేలిన లెక్కను మండల కేంద్రంలో అందరి ముందూ చదువుతుంది. రికవరీ పడేది ఫీల్డ్ అసిస్టెంటు మీద, టెక్నికల్ అసిస్టెంటు మీద. ఈరోజు కాదనడం ఆయనకూ మేలే.

నోరు జారితే

జారుతుంది. అప్పుడు ఒక్కటే నియమం. నలుగురిలో అన్నది నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలి. వరండాలో పక్కకు పిలిచి "ఏమనుకోకన్నా" అంటే మీ మనసు తేలికవుతుంది గానీ ఆయన పోయిన పరువు తిరిగి రాదు. "అన్నా, పొద్దున నేను అట్లా అని ఉండకూడదు. మీ ఊరి ఎంట్రీ ముందేస్తున్నా అని కాదు, అనకూడదు కాబట్టి చెబుతున్నా" అని అందరూ వినేలా చెప్పండి. పనిని క్షమాపణతో కలపొద్దు, లేకపోతే మళ్లీ వరస తప్పుతుంది.

కొందరికి ఇవన్నీ చేసినా తగ్గదు. రాత్రి నిద్రలో కూడా ఫోన్ మోగినట్టుండడం, ఇంటికి పోయాక పిల్లల మీద విసుక్కోవడం, పొద్దున ఆఫీసు గుర్తొస్తేనే గుండె దడ. దాన్ని ఓపిక లేకపోవడం అనుకుని మనల్ని మనం తిట్టుకోవద్దు. బీపీ చూపించుకోండి. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్‌లో డబ్బు ఖర్చు లేకుండా తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఎక్కడ మొదలుపెట్టాలి

అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. మొదటి వారం నోటుబుక్కు ఒక్కటే. ఏదీ మార్చకుండా రాస్తూ పోండి. రెండో వారం సోమవారం పొద్దున ఎవరూ రాకముందే గోడ మీద కాగితం అంటించి, ఆ రోజే అందరికీ చెప్పండి. "చూద్దాంలే" బదులు తేదీ చెప్పడం కూడా ఆ వారమే మొదలవ్వాలి, ఎందుకంటే కాగితం మీద తేదీ ఉండి మీ నోట "చూద్దాం" ఉంటే కాగితాన్ని ఎవరూ నమ్మరు. మూడో వారం పై అధికారి దగ్గరికి చీటీతో పోండి. నెల తర్వాత నోటుబుక్కు మళ్లీ ఒక వారం రాయండి, "ఎవరు" అన్న వరసను పాతదాని పక్కన పెట్టి చూడండి. కింది పేర్లు తగ్గకపోతే ఐదో పనికి తిరిగి పోండి. ఒకే మనిషి పేరు మళ్లీ మళ్లీ వస్తుంటే, పని తక్కువున్న పూట చూసి ఒకరోజు ఆయన ఊరికే పోండి. పని జరిగే చోట గట్టు మీద ఆయన పక్కన గంటసేపు కూర్చుని, ఆయన ఫోన్ ఎన్నిసార్లు మోగుతుందో, ఎవరెవరు ఏం అడుగుతున్నారో వినండి.